అరవై మందికి పిలుపు, నూట ముప్పై మందికి అన్నం

ఇలా నా పక్కకి జరుగు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. నేను చెబుతూ ఉంటాను, నువ్వు ఊఁ కొడుతూ ఉండు. ఈ కథలో మధ్యలో నిద్రపోయావంటే అన్నం సరిపోయిందో లేదో నీకు తెలియదు మరి.

అనగనగా ఒక గెడ్డ. గెడ్డ అంటే మన వైపు చిన్న ఏరు. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గులకరాళ్ళు. ఆ గెడ్డకి ఇటువైపు ఒక ఊరు, పేరు ఇసుకవలస. ఆ ఊళ్ళో పారమ్మ అని ఒక అమ్మాయి ఉండేది. అటువైపు ఇంకో ఊరు, పేరు రాళ్ళపేట. ఆ ఊళ్ళో పారమ్మ అప్ప ఉండేది. అప్ప అంటే అక్క. ఆవిడ పేరు నీలమ్మ.

అమ్మా నాన్నా తొందరగా పోతే పారమ్మని నీలమ్మే పెంచింది. పెళ్ళీడు వచ్చాక ఇద్దరికీ ఒకే నెలలో పెళ్ళిళ్ళయ్యాయి. చెల్లెలు ఏడుస్తుంటే నీలమ్మ, "ఏటే ఆ ఏడుపు. మధ్యలో ఉన్నది ఒక్క గెడ్డే కదా. పొద్దున్న నేనొస్తాను, సాయంత్రం నువ్వు రా" అంది.

అలాగే వచ్చిపోతూ ఉండేవారు. ఒక ఏడాది గడిచింది.

ఆ తర్వాతి ఏడాది వానలు పడలేదు. గెడ్డలో నీళ్ళు సన్నగా, జడ వేసే దారంలాగా అయిపోయాయి. ఆ కాసిని నీళ్ళు ముందు ఎవరి పొలానికి పెట్టుకోవాలి అని రెండు ఊళ్ళకీ గొడవ వచ్చింది. ఇసుకవలస పెద్ద కూర్మినాయుడు, రాళ్ళపేట పెద్ద గవరయ్య. ఇద్దరూ గట్టు మీద నిలబడి అనరాని మాటలు అనుకున్నారు. చివరికి, ఈ గెడ్డ దాటినవాళ్ళకి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ ఇవ్వం అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. గొడవలో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మరుసటి ఏడాది వానలు బాగానే పడ్డాయి. నీళ్ళు అందరికీ సరిపోయాయి. అయినా మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళూ పారమ్మ అప్పతో ఒక్క మాట మాట్లాడలేదు. దూరంగా కనబడితే చూసేది. అంతే.

ఊఁ కొడుతున్నావా. సరే.

అప్పుడు ఒక భాద్రపద మాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. గెడ్డ పొంగింది. ఇసుకవలస వైపు గట్టు ఇసుక గట్టు కదా, పొద్దున్నే ఒక చోట కోసుకుపోవడం మొదలుపెట్టింది. గట్టు కింద ఊరందరి వరిచేలూ ఉన్నాయి. పైరు పొట్ట మీద ఉంది. ఇంకో పదిహేను రోజుల్లో వెన్ను తీసి కంకి వేస్తుంది. ఊళ్ళో మగవాళ్ళందరూ పారలు పట్టుకుని పరిగెత్తారు. ఒక బస్తా వేస్తే రెండు బస్తాల మట్టి కొట్టుకుపోతోంది.

అటు గట్టు మీద నుంచి రాళ్ళపేట వాళ్ళు చూస్తున్నారు. చూసి చూసి గవరయ్య తలపాగా విప్పి నడుముకి చుట్టాడు. "ఎవరి చేనైతేనేం, పొట్ట మీదున్న పైరు. నేను చూడలేను" అన్నాడు. తాడు కట్టుకుని, బస్తాలు నెత్తిన పెట్టుకుని, అరవై మంది గెడ్డ దాటి వచ్చారు. పొద్దు వాలేదాకా నడుం ఎత్తకుండా పనిచేశారు. గట్టు నిలబడింది.

పని అయ్యాక బురద కాళ్ళతో అందరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పుడు కూర్మినాయుడు గొంతు సవరించుకుని, "ఎల్లుండి దీపాలవేళకి మీ అరవై మందీ మా ఊళ్ళో భోజనం చెయ్యాలి" అన్నాడు.

గవరయ్య నడుముకి చుట్టిన తలపాగా విప్పుకుంటూ, "వస్తాం. మనసుతో పిలిచారో మాటవరసకి పిలిచారో విస్తరి ముందు కూచుంటే మాకే తెలుస్తుంది" అన్నాడు.

ఆ సాయంత్రం కూర్మినాయుడి వాకిట్లో ఊరంతా చేరింది. పెళ్ళిళ్ళకి వండే వంటమనిషి ఆ వారమే దూరం ఊరు వెళ్ళాడు. ఇక ఇంటివాళ్ళే వండాలి. పప్పు మేం వండుతాం అన్నారు తూర్పు వీధి ఆడవాళ్ళు. వంకాయ కూర మేం అన్నారు పడమటి వీధి వాళ్ళు. గుమ్మడికాయ పులుసు మాది అన్నారు చెరుకుతోట పక్కనున్న మూడిళ్ళవాళ్ళు.

"మరి అన్నం?" అన్నాడు కూర్మినాయుడు.

అందరూ నేల చూపులు చూశారు. ఇంట్లో అయిదుగురికి వండటం వేరు, అరవై మందికి వండటం వేరు.

"పప్పు పలచనైతే ఎవరూ పట్టించుకోరు. కూర చాలకపోతే సర్దుకుంటారు. అన్నం చాలకపోయినా, పలుకైనా, ముద్దైనా, పిలిచి అవమానించారంటారు. మళ్ళీ ఇంకో ఏడేళ్ళు మొహాలు చూసుకోం" అన్నాడు కూర్మినాయుడు.

"అన్నం నేను వండుతాను" అని ఒక గొంతు వినబడింది.

ఎవరన్నారా అని అందరూ అటూ ఇటూ చూశారు. పారమ్మ కూడా చూసింది. చూస్తే, అన్నది తనే.

నవ్వకు. ఒక్కోసారి అంతే. మనసులో ఉన్నది నోరు ముందే అనేస్తుంది. ఆ అరవై మందిలో తన బావ, అంటే అప్ప మొగుడు, ఉన్నాడు. బావ వస్తే అప్పని కూడా తీసుకొస్తాడేమో. అప్ప వచ్చి కూచుంటే తన చేతి అన్నం పెట్టాలి. పారమ్మ మనసులో ఉన్నది అంతే. ఆ పిల్ల ఇంట్లో వండేది నలుగురికి. తనూ, మొగుడు అప్పన్నా, అత్త సూరమ్మా, మూడేళ్ళ కూతురు బుల్లీ.

ఆ రాత్రి పారమ్మకి ఎంత సంబరమో అంత భయం.

మరునాడు పొద్దున్నే అప్పన్న కూర్మినాయుడి ఇంటి నుంచి పెద్ద ఇత్తడి గుండిగ మోసుకొచ్చాడు. బుల్లి అందులో కూచుంటే తల కూడా బయటికి కనబడదు, అంత గుండిగ. పెరట్లో నేల తవ్వి పొడుగ్గా గాడిపొయ్యి తీశారు. పారమ్మ, "ముందు ఇరవై మందికి వండి చూస్తాను" అంది. నలుగురికి ఎన్ని బియ్యం, ఎన్ని నీళ్ళు అని ఇంట్లో లెక్క ఉంది కదా, దాన్నే అయిదింతలు చేసింది. అన్నీ ఒకేసారి గుండిగలో పోసింది. మూత పెట్టింది. మంట పెద్దది చేసింది.

కాసేపటికి మాడు వాసన వచ్చింది. మూత తీసి తెడ్డు పెట్టి చూస్తే, అడుగున అన్నం నల్లగా మాడిపోయింది. మధ్యలో అన్నం పసిపిల్లలకి పెట్టే జావలాగా ముద్దైపోయింది. పైన అన్నం పళ్ళకింద టకటకమంటోంది. ఒకే గుండిగలో మూడు రకాల అన్నం, ఒక్కటీ తినేది కాదు.

ఆవులు తిన్నాయి, కోళ్ళు తిన్నాయి. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది అనుకుంది పారమ్మ. పొయ్యి పక్కన చతికిలబడి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

అప్పుడు సూరమ్మ వచ్చి పక్కన కూచుంది. సూరమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కోడలితో రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆవిడ మాడిన గుండిగలోకి తొంగి చూసి, "ఓలే పారీ, ఒకే గుండిగలో, ఒకే గడియలో ఊరందరినీ ఉడికించాలని చూశావు. అరవై మందికీ అన్నం ఒకేసారి ఎందుకుడకాలి?" అంది.

"అందరూ ఒకేసారి తింటారు కదా అత్తా."

"తినడం ఒకేసారి. వండటం ఎందుకూ? చల్లారితే రుచొచ్చే అన్నం ఒకటుంది. అది పొద్దున్నే వండేసి పక్కన పెట్టు. నిలవుంటే బాగుపడే అన్నం ఇంకొకటుంది. అది మధ్యాహ్నం వండు. వేడిగా తినాల్సిన అన్నం మాత్రం సాయంత్రానికి ఉంచుకో. అప్పుడు నీ చేతిలో మిగిలేది చిన్న పనే."

పారమ్మ తలెత్తింది. "పొద్దున్న పులిహోర" అంది.

సూరమ్మ తలూపింది.

"మధ్యాహ్నం పెరుగన్నం" అంది పారమ్మ.

సూరమ్మ మళ్ళీ తలూపింది.

"సాయంత్రం వేడన్నం."

"మరింకేటి, లే. గుండిగ తోమాలి" అంది సూరమ్మ.

ఆ సాయంత్రం పారమ్మ మట్టి చట్టి నిండా చింతపండు నానబెట్టింది.

తెల్లవారింది. భోజనాల రోజు వచ్చేసింది.

పొద్దు పొడవకముందే పారమ్మ మొదటి పొయ్యి వెలిగించింది. ఈసారి పెద్ద గుండిగ జోలికి పోలేదు. రెండు మానికల బియ్యం పట్టే గిన్నెలు తీసుకుంది. నీళ్ళు కొలవలేదు. గిన్నె నిండా నీళ్ళు పోసి, తెర్లుతున్నప్పుడు బియ్యం వేసి, ఒక్కసారి కలిపి వదిలేసింది. కాసేపయ్యాక ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కింది. మధ్యలో ఆవగింజంత పలుకు తగిలింది. అంతే, దింపేసి, వెదురు సిబ్బి మూత పెట్టి గంజి వార్చేసింది. ఇంకా మిగిలిన ఆ ఆవగింజంత పలుకూ తన ఆవిరికి తానే ఉడికిపోతుంది.

వార్చిన అన్నాన్ని అరిటాకుల మీద పరిచింది. వేడి మీదే పసుపూ, నువ్వుల నూనే, పచ్చి కరివేపాకూ వేసింది. ఆ కరివేపాకు వేడికి వాడి వాసన వదులుతుంటే పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. అప్పుడు చింతపండు పులుసు చిక్కగా ఉడికించి, నూనె పైకి తేలాక దింపింది. ఆవాలూ శనగపప్పూ మినప్పప్పూ వేరుశనగలూ ఎండుమిరపకాయలూ ఇంగువా పోపు పెట్టింది. అన్నం చల్లారాక అన్నీ కలిపింది. మెతుకు మెతుకూ విడివిడిగా పచ్చగా మెరుస్తోంది.

బుల్లి వచ్చి చెయ్యి చాపింది. పారమ్మ చిటికెడు పెట్టింది. బుల్లి తిని, రెండో చెయ్యి చాపింది. పారమ్మకి అప్పుడు ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం రెండో పొయ్యి వెలిగించింది. ఈ అన్నం మాత్రం మెత్తగా ఉడకనిచ్చి, వేడి మీదే గరిటతో మెదిపింది. అందులో కాచిన పాలు ధారగా పోసింది. పెరుగు మాత్రం రెండు గరిటెలే వేసింది.

పక్కింటి ఆవిడ, "ఇన్ని పాలు పోసి ఇంతే పెరుగు వేశావేమే? పెరుగన్నం అంటారా దాన్ని?" అంది.

"ఇప్పుడనరు పిన్నీ. సాయంత్రానికి ఆ పాలన్నీ అన్నంలోనే తోడుకుంటాయి. ఇప్పుడే పెరుగంతా పోస్తే దీపాలవేళకి పులిసిపోతుంది" అంది పారమ్మ.

అల్లం, పచ్చిమిర్చి, పోపు వేసి, మట్టికుండల్లోకి ఎత్తి, తడి ఇసుకలో కుదురుగా పెట్టింది. అప్పటికి ఊరంతా హడావుడి. అప్పన్నా ఇంకో నలుగురూ అరిటాకులు కోసుకొస్తున్నారు. భోజనాలు పెట్టే పారమ్మ వీధిలో వాకిళ్ళు అలికి ముగ్గులు వేస్తున్నారు. మూడు వీధుల నుంచీ పప్పు వాసనా వంకాయ వాసనా పులుసు వాసనా వచ్చి పారమ్మ పెరట్లో కలుసుకుంటున్నాయి. కూర్మినాయుడు గడియకొకసారి వచ్చి, "ఎందాకా వచ్చిందమ్మా?" అని అడిగి వెళుతున్నాడు. అడిగి వెళ్ళి మళ్ళీ అడగటానికి వస్తున్నాడు.

పొద్దు వాలుతుంటే మూడో పొయ్యి. అయిదు మానికల బియ్యం మధ్యాహ్నమే కడిగి నానబెట్టి ఉంచింది. నానిన బియ్యం తొందరగా ఉడుకుతాయి. వార్చిన వేడన్నం పెద్ద గంపలో అరిటాకులు పరిచి పోసింది. పైన తడిగుడ్డ కప్పి, గంపని ఎండుగడ్డి మధ్యలో దించింది. గడ్డిలో పెడితే రెండు గడియలైనా పొగలు పోవు.

అరవై మందికి అన్నం సిద్ధం. పారమ్మ మొహం కడుక్కుని, చీర మార్చుకుని, గెడ్డ కనబడేలా పెరటి గోడ దగ్గర నిలబడింది.

ఊఁ కొట్టు. ఇప్పుడే వస్తున్నారు.

రెండు రోజుల్లో వరద తీసి నీళ్ళు మోకాలికి దిగాయి కదా, రాళ్ళపేట వాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని, పంచెలు పైకి కట్టుకుని, ఒకరి వెనకాల ఒకరు దాటుతున్నారు. ముందు గవరయ్య. పారమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది. ఇరవై. నలభై. అరవై.

అరవైతో ఆగలేదు.

అరవై ఒకటి, అరవై రెండు. ఇప్పుడు ఆడవాళ్ళు వస్తున్నారు. చంకలో పిల్లలు, భుజం మీద పిల్లలు, చెయ్యి పట్టుకున్న పిల్లలు. కర్ర పట్టుకుని ముసలమ్మలు. ఏమయిందంటే, ఆ అరవై మందీ బయల్దేరుతుంటే వాళ్ళ పెళ్ళాలూ పిల్లలూ, ఏడేళ్ళ తర్వాత గెడ్డ దాటుతూ మమ్మల్ని ఇంట్లో వదిలేస్తారా అని వెంటబడ్డారు. రావద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎనభై. నూరు. నూట ఇరవై. నూట ముప్పై.

పారమ్మ వెనక్కి తిరిగి గంప వైపూ కుండల వైపూ చూసింది. ఆ గుంపులో అప్ప ఉందేమో అని చూడటం కూడా మర్చిపోయింది.

కూర్మినాయుడు పెరట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయింది. "ఏం చేద్దామమ్మా?" అన్నాడు. ఊరి పెద్ద తన కూతురి వయసు పిల్లని అలా అడగటం అదే మొదటిసారి.

పారమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పొద్దున్న వండింది ఉంది. మధ్యాహ్నం వండింది ఉంది. ఎవరూ ఖాళీ విస్తరి ముందు కూచోనక్కర్లేదు.

"అందర్నీ కూచోబెట్టండి నాయుడు బాబూ. ముందు పులిహోర వడ్డించమనండి. కొసరి కొసరి, నింపాదిగా వడ్డించమనండి. పెద్దవాళ్ళకి వేడన్నం మొదలుపెట్టండి. ఈలోగా నేను ఇంకా వండుతాను" అంది.

"బియ్యమో?"

"మన అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి కదా. ఉన్న కాసినీ తెమ్మనండి."

మాట వీధి వీధికీ పాకింది. ఒకరు చాటలో, ఒకరు చెంబులో, ఒకరు కొంగులో పోసుకుని పరుగున వచ్చారు. చూస్తుండగానే పారమ్మ ముందు చాపల మీద బియ్యం కుప్పలు పడ్డాయి. ఒకరి బియ్యం పాతవి. ఒకరివి కొత్తవి. ఒకరింట్లో ఉన్నవి నూకలే. మూడు పొయ్యిల మీదా నీళ్ళు మరుగుతున్నాయి. అవతల పులిహోర సగమైంది. పారమ్మ కంగారులో రెండు చేతులతో అన్నీ కలిపి ఎత్తి ఒకే గిన్నెలో పొయ్యబోయింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇవన్నీ ఒక గిన్నెలో పోస్తే నూకలు ముద్దవుతాయి, పాత బియ్యం పలుకుంటాయి. విడివిడిగా వెయ్యి."

పారమ్మ తల తిప్పి చూసింది. అప్ప. జుట్టు అక్కడక్కడా తెల్లబడింది. కాళ్ళకి ఇంకా గెడ్డ నీళ్ళ తడి ఉంది. అందరూ విస్తళ్ళ వైపు వెళ్ళారు. నీలమ్మ మాత్రం చెల్లెలు ఎక్కడుందో వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చింది.

ఏడేళ్ళ తర్వాత ఏమనాలి?

నీలమ్మ చీర కొంగు నడుముకి దోపుకుంది. "ఎసరు మరిగిందా?" అంది.

"మరిగింది అప్పా."

"అయితే నూకలు ఇలా అందుకో."

అంతే మాట్లాడుకున్నారు. ఇక చేతులే మాట్లాడాయి. ఒక పొయ్యి మీద నూకలు పడ్డాయి. ఒక పొయ్యి మీద కొత్త బియ్యం. ఒక పొయ్యి మీద పాత బియ్యం. సూరమ్మ మంట చూసుకుంది. అప్పన్న గిన్నెలు దింపాడు. అప్ప వార్చేది, చెల్లెలు గంపకెత్తేది.

నూకలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేక వేసినంతసేపట్లో ఉడికాయి. ముందు అవి పిల్లలకి వెళ్ళాయి. మెత్తటి నూకలన్నం, పైన పప్పు, పైన నెయ్యి. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా ఏడుపులు ఆపారు.

ఆ తర్వాత కొత్త బియ్యం ఉడికాయి. అవి ముసలివాళ్ళకి వెళ్ళాయి. కొత్త బియ్యం అన్నం కాస్త మెత్తగా ఉంటుంది కదా, పళ్ళు లేనివాళ్ళకి హాయి.

పాత బియ్యం మాత్రం తొందరగా ఉడకవు. పారమ్మ మెతుకు తీసి నొక్కింది. గట్టిగా ఉంది. మళ్ళీ తీసింది. ఇంకా గట్టిగానే ఉంది.

అవతల గంపలో మొదటి వేడన్నం అయిపోయింది. మగవాళ్ళ వరసలో చేతులు ఆగిపోయాయి. గవరయ్య విస్తట్లో పులుసు ఉంది, కలుపుకోవటానికి అన్నం లేదు. విస్తరి వైపే చూస్తూ కూచున్నాడు. ఆ వరసలో ఎవరో, "అన్నం అయిపోయినట్టుంది" అని మెల్లిగా అన్నారు. మెల్లిగా అన్నా అందరికీ వినబడింది. కూర్మినాయుడు గుమ్మం దగ్గర నిలబడి ఉత్తరీయం అంచు నలుపుతున్నాడు. లేచి వెళ్ళిపోవాలా, కూచోవాలా అని రాళ్ళపేట మగవాళ్ళు గవరయ్య మొహం చూస్తున్నారు.

పెరట్లో పారమ్మ మూడోసారి మెతుకు తీసింది. నొక్కింది. మధ్యలో ఆవగింజంత పలుకు.

"అప్పా, దింపు" అంది.

గంజి తెల్లగా ధార కట్టి కాలవలోకి పోయింది. పొగలు లేస్తున్న గంప నీలమ్మ తీసుకుంది. నేను తీసుకెళతాను అని అప్పన్న అంటున్నా వినలేదు. తనే నడిచి మగవాళ్ళ వరసలోకి వచ్చి, ముందుగా గవరయ్య విస్తట్లో వడ్డించింది. తెల్లటి అన్నం, మల్లెమొగ్గల్లాగా పొడుగ్గా, పొడిపొడిగా.

గవరయ్య తలెత్తి చూశాడు. "నీలమ్మా, నువ్వు మనతో భోజనానికి వచ్చావా, వండటానికి వచ్చావా?"

"ఇది మా చెల్లెలిల్లు బాబూ. ఇక్కడ విస్తరి ముందు కూచోమంటే ఎలా కూచుంటాను? కాస్త ఆలస్యమైంది, ఏమనుకోకండి" అంది నీలమ్మ.

మన ఊరి కోడలు వాళ్ళ తరఫున మనకి క్షమాపణ చెబుతోందే అనుకున్నాడేమో, గవరయ్య పెదవుల మీదికి నవ్వు వచ్చింది. చెయ్యెత్తి కూర్మినాయుణ్ణి పిలిచాడు. "నిలబడి ఏం చూస్తావయ్యా, మా పళ్ళు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నావా? నువ్వూ వచ్చి కూచో. అన్నం చాలా ఉంది" అన్నాడు.

ఆయన పక్కన ఇంకో విస్తరి పరిచారు. కూర్మినాయుడు కూచున్నాడు. గంపలోంచి గవరయ్యే తన చేత్తో అన్నం తీసి ఆ విస్తట్లో పెట్టాడు. ఆ తర్వాత వరసలో మాటలు మొదలయ్యాయి. ముందు వానల గురించి. తర్వాత పైరు గురించి. తర్వాత ఏ పిల్లకి పెళ్ళయింది, ఎవరింట్లో దూడ పుట్టింది అని ఒకటే గోల. చివర పెరుగన్నం వచ్చేసరికి ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. ఆ పెరుగన్నం ఉంది చూశావూ, పాలన్నీ కమ్మగా తోడుకుని, ఇసుక చల్లదనం పట్టి, రెండోసారి అడగనివాళ్ళు లేరు.

నూట ముప్పై మందీ తిన్నారు. చెయ్యి కడుక్కుని, అన్నం బాగుంది అని ఎవరూ ప్రత్యేకంగా అనలేదు. అందరూ కడుపు నిమురుకుంటూ అక్కడే అరుగుల మీద కూచుండిపోయారు. ఎవరూ లేవటం లేదు. పారమ్మకి అది చాలు.

అప్పుడు వండినవాళ్ళు తినటానికి కూచున్నారు. సూరమ్మ, అప్పన్న ఒక పక్క. అప్పా చెల్లెలూ ఒక పక్క. మూడు వంటల్లోనూ అడుగూ బొడుగూ మిగిలింది. ఇప్పుడు మాట్లాడుకోవటానికి తీరిక దొరికింది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియటం లేదు. ఇద్దరూ ఒకేసారి, "ఎలా ఉన్నావ్" అన్నారు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వులోనే ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

బుల్లి ఎక్కడి నుంచో వచ్చింది. పిల్లలందరితో ఆడి ఆడి ఒళ్ళంతా దుమ్ము. కొత్తావిడ ముందు నిలబడి, "నువ్వెవరు?" అని అడిగింది.

"నీ పెద్దమ్మనే" అంది నీలమ్మ.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

నీలమ్మ పారమ్మ వైపు చూసింది. అరుగు మీద కూచున్న ఇద్దరు పెద్దలకీ ఆ ప్రశ్న వినబడింది. ఇద్దరూ వేరే వేరే వైపులకి తల తిప్పుకున్నారు.

బుల్లి జవాబు కోసం చూసి చూసి, పెద్దమ్మ ఒళ్ళో ఎక్కి కూచుంది. నీలమ్మ తన విస్తట్లోది చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఇంకో ముద్ద పెట్టింది. మూడో ముద్ద చేతిలో ఉండగానే బుల్లి తల నీలమ్మ గుండె మీదికి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకునే ఉంది.

కాసేపటికి రాళ్ళపేట వాళ్ళు లేచి గెడ్డ వైపు కదులుతూ కేకలు వేస్తున్నారు. "నీలమ్మా, పొద్దుపోయింది, వస్తున్నావా?" అని వాళ్ళాయన పిలిచాడు.

నీలమ్మ కదల్లేదు. ఎడం చేత్తో బుల్లి జుట్టు సర్దింది.

"మీరు వెళ్ళండి. నేను లేస్తే పిల్ల లేస్తుంది" అంది.

వాళ్ళాయన గవరయ్య వైపు చూశాడు. గవరయ్య చెప్పులు చేతిలోకి తీసుకుంటూ, "పిల్ల నిద్రపోతోంది కదరా. రేపు వస్తుందిలే" అన్నాడు.

అలా నీలమ్మ ఆ రాత్రి గెడ్డకి ఇటువైపే ఉండిపోయింది.

మెతుకులు విస్తట్లోకి, గంజి ఆవు కుడితిలోకి,
పొగలు మబ్బుల్లోకి, పొయ్యి నిప్పు నిద్దర్లోకి,
మన కథేమో కంచి దారికి,
కన్నతల్లీ, నువ్వు నా కొంగు చాటుకి.